పచ్చ టిక్కు మర్యాద

తప్పు జరిగితే గట్టిగా అరిచేది పాతకాలం. జరిగిన తప్పును ఎవరి చెవినా పడనీకుండా మింగేసేదే ఇప్పుడు మర్యాదగల వెబ్‌సైట్. నేను దాని పక్షం. నాకూ ఎక్కువ మాటలు చేతకావు.

మా ఇంట్లో జరిగిందే చెప్తా. నా భార్య మునిలక్ష్మికి ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడి కంట్లో పొర. ఆపరేషన్‌కి మనవరాలు భవ్య ఆస్పత్రి వెబ్‌సైట్‌లో తేదీ బుక్ చేసింది. బటన్ నొక్కీ నొక్కకముందే పచ్చ టిక్కు వచ్చేసింది. ఏం వేగమప్పా!

నెల ఆగి, చెప్పిన రోజు టీ కూడా తాగకుండా, కాటన్‌పేట నుంచి రెండు బస్సులు మారి పోయినాము. కౌంటర్‌లో ఉండే మమత కంప్యూటర్ చూసి, "అవ్వ పేరే లేదు కదా తాతా" అనింది.

భవ్యకి ఆఫీసులో ఇట్లాంటి పేజీలు రాసేదే పని. ఇంటికొచ్చి ఆ వెబ్‌సైట్ లోపలంతా గాలించింది.

"ఆస్పత్రి కంప్యూటర్ నుంచి జవాబు వచ్చేది తరవాత తాతా. పేజీ అంతవరకు ఆగదు, ముందే టిక్కు చూపిస్తుంది. వెనక ఎర్రర్ వస్తే ఎవరికీ తెలీదు."

"ఆ తప్పును పట్టుకునేవాళ్లు లేరా?"

"ఉండారు. పట్టుకుని పారేస్తారు. మేమూ ఒక్కోసారి అట్లే రాస్తాము."

"ఆ మాట మీ అవ్వకు చెప్పు."

ల్యాప్‌టాప్ మూసేసింది.

ఇందులో తప్పేముంది? నెల రోజులు మునిలక్ష్మి సంతోషంగా ఉండాది. ఎర్రర్ అప్పుడే కనబడింటే ఆ నెల దొరికేదా? ఈ పద్ధతి అన్ని చోట్లా పెట్టాల. బస్సుకు బ్రేకు పోతే డ్రైవర్‌కి తెలియకూడదు. ఇల్లు అంటుకుంటే గోడ మీద పచ్చ టిక్కు వేస్తే చాలు.

మేమే మోటు మనుషులం. నలభై ఏండ్లు కాటన్‌పేటలో లారీల నుంచి బట్టల మూటలు దించినాము. లారీ పైన నా జతగాడు సొన్నప్ప, కింద నేను. మూట భుజం మీద పడినాక నేను "ఊ" అనాల. అనేదాకా సొన్నప్ప ఇంకో మూట ఎత్తడు. అనకపోతే వంగి చూస్తాడు: "బతికుండావా అప్పా?" పనిలో నేను మాట్లాడింది ఆ ఒక్క ఊ. దానికోసం లారీనే నిలబెట్టేవాళ్లం. ఎంత అనాగరికం చూడండి.

నిన్న ఆస్పత్రికి నేనే పోయినా. మమత కొత్త తేదీ కొట్టి, "అయింది తాతా, టిక్కు వచ్చింది" అనింది. నేను కదల్లేదు. వెనక లైను పెరిగింది.

"ఇంకేం కావాల?"

"లోపల డాక్టరమ్మ లిస్టులో పేరు చూసి రామ్మా."

విసుక్కుంటా పోయింది. మెల్లగా తిరిగొచ్చింది.

"లేదు తాతా."

పెన్ను తీసుకుని మళ్లీ లోపలికి పోయింది. వచ్చినాక అడిగినా.

"రాసినావా?"

"ఊ" అనింది.

అప్పుడు పక్కకు జరిగినా.