ఫ్రిజ్ తలుపు మీద మార్కుల పట్టిక

ఎద్దును కొనేటప్పుడు పళ్లు లెక్కపెడతాం. అల్లుణ్ణి తెచ్చుకునేటప్పుడు ఎందుకు లెక్కపెట్టకూడదు? మనుషుల్నీ ఏరికోరి జతకలిపితే లోకం బాగుపడదూ!

నేను నిఘంటువు ఆఫీసులో మాటలకు అర్థాలు రాసే ఉద్యోగిని. ఈ వారం నాకు అప్పగించిన మాట యూజెనిక్స్. ‘మేలైన లక్షణాలున్నవాళ్లనే పిల్లల్ని కననిచ్చి, మేలుజాతి మనుషుల్ని తయారుచేయాలనే వాదం’ అని అర్థం రాశాను. ‘దీని పేరుతో ఎందరికో బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేశారు’ అని మా ఎడిటర్ గారు కింద చేర్చారు. ఆయనది మరీ జాలిగుండె లెండి.

ఇక మిగిలింది వాడుకకు ఒక వాక్యం. దానికోసం ఎక్కడో వెతకడమెందుకు? మా ఇంట్లోనే ప్రయోగం నడుస్తోంది!

మా అమ్మాయి గడియారాలు బాగుచేసే ఒకతన్ని ఇష్టపడింది. మంచివాడే. కానీ మంచితనం రక్తపరీక్షలో తేలుతుందా? మనిషి పొట్టి. సోడాబుడ్డి కళ్లద్దాలు. నవ్వితే పంటి మీద పన్ను. రేపు నా మనవలు తలుపు గడియ ఎలా అందుకుంటారు?

అందుకే మార్కుల పట్టిక తయారుచేసి ఫ్రిజ్‌కు అంటించాను. ఎత్తుకు ముప్పై, చూపుకు ముప్పై, పళ్లకు ఇరవై, జుట్టుకు ఇరవై. గురక ఉంటే మైనస్ పది. యాభై దాటితేనే పెళ్లి. మా అక్కయ్య ముక్కుకూ మార్కులుండాలంది. తర్వాత అద్దంలో చూసుకుని, వద్దులే అంది.

గడియారాలతనికి ముప్పై ఆరు వచ్చాయి. సైన్సు ముందు ఎవరైనా ఏం చేయగలరు చెప్పండి!

మా అమ్మాయి ఏడవలేదు, అలగలేదు. టేపు పట్టుకొచ్చింది.

“నాన్నా, కాస్త గోడకానుకుని నిలబడు.”

ఎత్తు కొలిచింది. నా కళ్లద్దాలు తీసేసి క్యాలెండర్ చదవమంది. నాకు క్యాలెండరే కనబడలేదు. పళ్లు చూపించమంటే సగం పళ్లు గ్లాసులో ఉన్నాయని ఒప్పుకోవలసి వచ్చింది. జుట్టు దగ్గర ఆమే జాలిపడి ఒక మార్కు వేసింది.

“అమ్మా, నాన్నకు గురక ఉందా?”

“పది చాలదే, ఇరవై తీసెయ్,” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

మొత్తం పందొమ్మిది.

“మరి నువ్వెలా చేసుకున్నావమ్మా?”

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “మా నాన్న కూడా ఇలాంటి పట్టికే రాశాడు. అందులో మీ నాన్నకు పన్నెండే వచ్చాయి. నేనే చించి పొయ్యిలో పడేశాను.”

ఇన్నేళ్లలో ఆ మాట నాతో ఒక్కసారీ అనలేదు. నాకు సిగ్గేసింది.

మర్నాడు ఆఫీసులో వాడుక వాక్యం రాశాను: ‘యూజెనిక్స్‌ను నమ్మే ప్రతివాడూ తాను ఎప్పుడో పాసైపోయాననే అనుకుంటాడు.’ ఎడిటర్ గారు ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఇంటికొచ్చి గడియారాలతన్ని పిలిపించాను. మా గోడ గడియారం ఆగి ఆరునెలలైంది. అతనికి అందలేదు, స్టూలెక్కాడు.

స్టూలు కదలకుండా నేను పట్టుకున్నాను.