పన్నెండు మీటర్ల ఆకాశం

"విమానాశ్రయం చుట్టూ ఉన్న పరిశ్రమల జోన్‌లో నా ఆశయాలకన్నా ఎత్తయినదేదీ ఉండటానికి వీల్లేదు!" అని మంత్రిగారు ప్రకటించారు. ఆ ఆశయాల ఎత్తు ఎంతో అడిగే ధైర్యం లేక అధికారులు పన్నెండు మీటర్లని రాసుకున్నారు. ఇంతటి దూరదృష్టిగల నాయకుణ్ణి నేను మళ్ళీ చూడబోను.

ఆ జోన్‌లోనే మా బావ బిస్కట్ ఫ్యాక్టరీ ఉంది. దాని వ్యాను తోలేది నేను. పొగ జనం మీద పడకూడదు కాబట్టి చిమ్నీ పదిహేను మీటర్లకు తగ్గకూడదని పాత రూలు. విమానాలకు తగలకూడదు కాబట్టి పన్నెండు మించకూడదని కొత్త రూలు. ఈ రెండింటి సంగతీ తేలేదాకా పొయ్యి వెలగకూడదని జోనింగ్ ఆఫీసరు దాని తలుపుకు సీలు వేసి వెళ్ళాడు.

"మీ బావ ఇంట్లో కూర్చుని నా ప్రాణం తోడేస్తున్నాడురా. కూరలో ఉప్పు కూడా తూకం వేసి వెయ్యమంటున్నాడు. ముందు ఆ పొయ్యి వెలిగించే దారి చూడు," అంది అక్క.

ఆఫీసరు దగ్గరికి వెళ్ళాం. టేపు జేబులో లేకుండా ఆయన నిద్ర కూడా పోడని ప్రతీతి.

"రెండు రూళ్ళూ పాటించండి," అన్నాడు.

"ఎలా సార్?" అన్నాడు బావ.

"అది మీ స్వేచ్ఛ. వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోదు."

మంత్రిగారినే ఆశ్రయించాం. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. గురక వినిపించే లోపే తెరిచారు.

"ఎత్తు ఎక్కణ్ణుంచి కొలుస్తారయ్యా?"

"నేల మీంచి సార్."

"అయితే చిమ్నీని ఎందుకు తిడతారు? తప్పు నేలది. తవ్వండి!"

తవ్వాం. పొయ్యినీ చిమ్నీనీ మూడు మీటర్ల గోతిలోకి దించాం. ఆఫీసరు నేల మీంచి కొలిస్తే పన్నెండు, గోతి అడుగు నుంచి కొలిస్తే పదిహేను. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇక అభ్యంతరం లేదని ఎయిర్‌పోర్టు మేనేజరు సంతకం పెడితే సీలు తీసేస్తా, పదండి," అన్నాడు.

మేనేజరు మంచివాడు. కలం తీశాడు కూడా. అంతలో మా ఆఫీసరు కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఆ టవరు ఎంత ఎత్తండీ?"

"ముప్ఫై మీటర్లు. కంట్రోల్ టవరు కదా. విమానాలకు దారి చెప్పేది అదే."

"విమానాశ్రయం పక్కనే ముప్ఫై మీటర్ల కట్టడమా! విమానాలకు తగిలితేనో?"

మేనేజరు కలం కింద పెట్టేశాడు. బావ నా వైపు చూశాడు. నాకూ ఏడుపొచ్చింది గాని, చట్టం పట్ల ఆఫీసరుకున్న భక్తికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

విషయం మంత్రిగారి దాకా వెళ్ళింది. "చట్టం ఎవరి చుట్టమూ కాదు. బిస్కట్లవాడు తల వంచాడే, టవరు వంచదా?" అన్నారాయన.

జోన్ ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే మంత్రిగారు విమానంలో వచ్చి దిగారు. రిబ్బను కత్తిరించగానే క్రేను టవరు తల తీసి కింద పెట్టింది. ఆ తర్వాత అందులో కూర్చున్నవాళ్ళకు క్యాంటీన్ గోడ చాలా స్పష్టంగా కనిపించిందట. భోజనాలయ్యాక మా గోతి పక్కనే సభ.

"టవరు దించాక ఒక్క విమానమైనా దేనికైనా తగిలిందా?"

"లేదు!" అని అరిచాం. అందరికన్నా గట్టిగా నేనే అరిచాను.

"చాలు. ఇక సెలవు, నా విమానానికి టైమైంది," అన్నారు మంత్రిగారు.

చప్పట్లు ఆగిపోయాయి. దారి చెప్పే టవరు లేక ఇక్కణ్ణుంచి విమానాలు ఎగరడం లేదని ఆఫీసరు మంత్రిగారి చెవిలో చెప్పాడు. ఆయన్ని తెచ్చిన కార్లు ఎయిర్‌పోర్టువే, అవీ లేవు. చివరికి మంత్రిగారు మా వ్యాను ముందు సీట్లోకి ఎక్కారు. బావా, ఆఫీసరూ వెనక డబ్బాల మీద సర్దుకున్నారు. పక్క ఊరి విమానాశ్రయానికి బయలుదేరాం.

మంత్రిగారు మిగిలిపోయిన పాత బిస్కట్ ఒకటి కొరికి, "బాగుందయ్యా. ఏం కావాలో కోరుకో," అన్నారు.

"పొయ్యి వెలిగించుకోనివ్వండి సార్, అంతే," అన్నాడు బావ వెనకనుంచి.

"మేనేజరు సంతకం కావాలి సార్," అని ఆఫీసరు గుర్తు చేశాడు.

"ఎయిర్‌పోర్టు దారిలోనే కదా, ఆపు," అన్నారు మంత్రిగారు నాతో.

గేటుకు తాళం వేసి ఉంది. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "లోపల ఎవరూ లేరండీ. విమానాలు పక్క ఊరికి మార్చేశారు. మేనేజరుగారూ అక్కడికే వెళ్ళిపోయారు."

"అభ్యంతరం ఉన్నవాళ్ళు ఎవరైనా మిగిలారేమో, గట్టిగా పిలువు."

వాచ్‌మన్ పిలిచాడు. లోపల పావురాలు లేచాయి.

"మౌనం అర్ధాంగీకారం. మిగతా సగం నేనిస్తున్నా. సీలు తియ్యవయ్యా!" అన్నారు మంత్రిగారు.

మర్నాడు పొయ్యి వెలిగింది. అక్క చేతిలోని ఉప్పు డబ్బా పక్కన పెట్టి చూడటానికి వచ్చింది. పొగ గోతిలోంచి తిన్నగా ఆకాశంలోకి వెళ్ళింది. దానికి ఏదీ అడ్డు రాలేదు.