టైరు ముక్క సిఫార్సు

రబ్బరు స్టాంపే లేకపోతే ఈ దేశంలో చదువు ఏమైపోయేదో ఎప్పుడైనా ఆలోచించారా? దారినపోయే ప్రతివాళ్లూ బడిలో దూరి పిల్లలకు అక్షరాలు నేర్పేసేవారు!

అంత ఘోరం జరగకుండా మా యూనివర్సిటీ కాపలా కాస్తోంది. కాబోయే టీచర్లకు స్కాలర్‌షిప్పు ఇచ్చే కమిటీలో నేనూ మెంబర్ని. అయిదేళ్ల చదువు, హాస్టలు, భోజనం అన్నీ ఉచితం. అదీ టీచర్లు లేని కొండ ఊళ్లవాళ్లకే! బదులుగా మేమడిగేది ఒక్కటే: సొంతూరి బడి టీచరు సంతకంతో, స్టాంపుతో సిఫార్సు ఉత్తరం.

ఇందులో ఏదో తిరకాసు ఉందంటారా? అయితే మీరెప్పుడూ కమిటీల్లో కూర్చోలేదన్నమాట.

నేలిదా తాయిపె కూడా కూర్చోలేదు. పంతొమ్మిదేళ్ల పిల్ల. పైన కొండమీది చాక్రపంపా అనే ఊరి నుంచి అయిదు గంటలు బస్సులో కుదుపులు తింటూ, మూటలో ఉడకబెట్టిన బంగాళాదుంపలతో దిగింది.

“డాక్టరుగారూ, మా టీచరు రాజధాని లీమాకి బదిలీ చేయించుకుపోయి మూడేళ్లయిందండీ. పదిహేడుమంది పిల్లలకి నేనే చెబుతున్నా. సంతకం ఎవర్నడగమంటారు?” అంది. మా దగ్గర కోటు తొడుక్కున్న ప్రతివాడూ డాక్టరే.

“టీచర్నే అడగాలమ్మా!” అన్నాను. రూలు రూలే కదా!

ఊరు ఊరుకుంటుందా? సభ పెట్టి, చేతులెత్తి, నేలిదానే టీచరుగా ఎన్నుకుంది. టైర్లు కోసి చెప్పులు చేసే ఫోర్తునాతో అనే ముసలాయన, ఒక టైరు ముక్కను గుండ్రంగా స్టాంపులా చెక్కాడు.

“తీసుకో తల్లీ! పదేళ్లు లారీని మోసిన టైరు, నీ ఉత్తరాన్ని మోయలేదా?” అన్నాడట.

టీచరు నేలిదా, విద్యార్థిని నేలిదాను గట్టిగా సిఫార్సు చేసింది.

కమిటీ గంటన్నరసేపు తిరగేసి మరగేసి చూసింది. సంతకం ఉంది. స్టాంపు మా స్టాంపుకన్నా గుండ్రంగా ఉంది. వంక దొరక్క నాకు చెమటలు పట్టాయి! చివరికి తొమ్మిదో నిబంధన ఆదుకుంది: ‘ఇప్పటికే టీచర్లుగా ఉన్నవారు అనర్హులు.’ హమ్మయ్య!

“గౌరవనీయులైన టీచరు నేలిదా తాయిపె గారికి” అని మొదలుపెట్టి, అర్హత లేదన్న ఉత్తరం నేనే టైపు చేయించి సంతకం పెట్టాను.

పోయిన నెల, టీచర్లు లేని ఊళ్ల జాబితా రాసే పని మీద చాక్రపంపా వెళ్లాను. బడి గోడకు నా ఉత్తరం మేకులు కొట్టి ఉంది. ఆ బడికి పుస్తకాలు రావడం ఎప్పుడో మానేశాయి. ఒక చిన్నపిల్ల దాని మీద వేలు పెట్టి, “టీ...చ...రు నే...లి...దా...” అని కూడబలుక్కుంటోంది.

“టీచరమ్మా, కింద సంతకం ఎవరిదండీ?”

“ఇదిగో, ఈ డాక్టరుగారిదే. నేను టీచర్నని మొదట కాగితమ్మీద రాసింది ఈయనే,” అంది నేలిదా. గొంతులో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు.

సిగ్గుతో తల దించుకున్నాను. ఎదురుగా రిజిస్టరు ఉంది. చాక్రపంపా పేరు పక్కన ‘టీచరు లేరు’ అని రాసి, స్టాంపు వేశాను.