జుట్టు కింద కంపెనీ పేరు

స్నేహితుడు లేకుండా మనిషి హాయిగా బతకగలడు. బ్రాండు లేకుండా ఒక్కరోజు కూడా బతకలేడు!

కోప్పడకండి. ఇది ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు, అనుభవించి చెబుతున్నది. నా చిన్ననాటి స్నేహితుణ్ని ఎనిమిది నెలల క్రితం వదులుకున్నాను. వాడు పళ్ల డాక్టరు. స్కూల్లో ఇద్దరం ఒకే బెంచీ. దేనికోసం వదులుకున్నాను? అంగుళమున్నర ఎత్తున్న బొమ్మ తలమీది జుట్టు కోసం. నాకు రవ్వంత విచారం కూడా లేదు. ఉందని మా ఆవిడ చెబితే నమ్మకండి.

తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. సూపర్‌హీరో బ్లాకు బొమ్మలని ఉంటాయి. ముక్కలుగా వస్తాయి. కాళ్లు, మొండెం, చేతులు, తల, దాని మీద జుట్టు, వీపున కేప్. అన్నీ బిగిస్తే ప్రపంచాన్ని కాపాడే వీరుడు రెడీ! వీటిని రెండు కంపెనీలు చేస్తాయి. ఒకటి మా కంపెనీ. రెండోది... దాని పేరు మా ఇంట్లో ఎత్తం.

"మా కంపెనీ" అన్నానని అందులో నాకేదో ఉద్యోగం ఉందనుకునేరు. లేదు. నేనొకణ్ని ఉన్నానని కూడా వాళ్లకు తెలియదు. ఏటా పుట్టినరోజు శుభాకాంక్షలు మాత్రం పంపుతారు, అదీ తప్పు తేదీన. అయితేనేం? ఆ రోజునే కొత్త చొక్కా వేసుకుంటున్నాను.

ఈ రెండు కంపెనీల బొమ్మలనూ పక్కపక్కన నిలబెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. అదే ముసుగు, అదే కండలు, అదే కోపం. తేడా ఎక్కడంటే, జుట్టు ఊడదీస్తే నెత్తిమీద చిన్న బొడిపె ఉంటుంది. దానిమీద చీమ కన్నంత అక్షరాలతో కంపెనీ పేరు ఉంటుంది. జుట్టు లోపలివైపునా ఉంటుంది. చూడాలంటే భూతద్దం కావాలి. అందుకని మేము బొమ్మ మొహం చూడం. ముందు జుట్టు పీకుతాం.

మాది ఏడుగురు సభ్యుల క్లబ్బు. ప్రతి ఆదివారం పొద్దున మా ముందు గదిలో కూర్చుని ఈ తల పరీక్ష చేస్తాం. కార్యదర్శిని నేనే కాబట్టి భూతద్దం నా చేతిలోనే ఉంటుంది. కాఫీలు తెచ్చిన మా ఆవిడ ఒకసారి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏమండీ, ఇంతమంది మగాళ్లు కూర్చుని బొమ్మల తలల్లో పేలు చూస్తున్నారా?" అంది.

సామాన్యులకు భక్తి ఎక్కడ అర్థమవుతుంది!

ఈ భక్తి వల్ల జీవితం ఎంత తేలికవుతుందో మీరే చూడండి. మా సభ్యుల్లో ఒక బస్సు కండక్టరున్నాడు. మేనల్లుడి పుట్టినరోజుకని వెళ్లి, కేకు మీద అవతలి కంపెనీ వీరుడు కనబడగానే, తెచ్చిన గిఫ్టు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగొచ్చేశాడు. అప్పట్నుంచి వాళ్లక్క ఫోనెత్తడం లేదు. ఎంత ప్రశాంతత!

ఇంకొకాయన లెక్కల మాస్టారు. ఆయనకు కవలలు. ఒకడు మన వైపే ఉన్నాడు, రెండోవాడు అవతలి కంపెనీ వైపు మొగ్గాడు. మాస్టారు ఏమాత్రం తొణక్కుండా ఇంటి మధ్యలో బీరువా అడ్డం పెట్టించారు. ఇప్పుడు రెండోవాడు వంటింటి తలుపులోంచి, మిగతావాళ్లు వీధి తలుపులోంచి వస్తూ పోతూ ఉన్నారు. బాత్రూము మాత్రం ఉమ్మడి. దానిమీద చర్చలు నడుస్తున్నాయి.

ఇక మా అధ్యక్షులవారు, హార్డ్‌వేర్ షాపు ఓనరు. ఆయన వీరుడి కుడిచెయ్యి వాక్యూమ్ క్లీనర్లోకి పోయింది. అవతలి కంపెనీ చెయ్యి దానికి టక్కున సరిపోతుంది. పెట్టారా? ప్రాణం పోయినా పెట్టరు! నాలుగేళ్లుగా ఆ వీరుడు ఒంటిచేత్తోనే ప్రపంచాన్ని కాపాడుతున్నాడు. ప్రపంచం బాగానే ఉంది కదా?

ఇలాంటి నిష్ఠగల సభలోకి నా పళ్ల డాక్టరు తన ఆకుపచ్చ కేప్ వీరుణ్ని తెచ్చాడు. ఏటా ఒకసారి అందరి బొమ్మలనూ తనిఖీ చేయాలని మా నియమం. వాడి బొమ్మ జుట్టు చూడగానే నాకు అనుమానం వచ్చింది. పాపిడి చక్కగా ఉంది. ఒక్కో పాయా విడివిడిగా, నుదుటి మీదికి ఒక వంకీ తిరిగి, చూస్తే ముద్దొచ్చేలా ఉంది. మా కంపెనీ జుట్టు అంత బాగుండదే!

ఊడదీసి లోపల చూశాను. పేరు లేదు.

"ఎక్కడిదయ్యా ఇది?" అన్నారు అధ్యక్షులు.

"నేనే చేశాను" అన్నాడు వాడు.

ఎందుకు చేశావని ఎవరూ అడగలేదు. మా నియమావళిలో ఆ ప్రశ్న లేదు. ఓటింగ్ పెట్టారు. బహిష్కరించాలని ఆరు చేతులు లేచాయి. అందరికంటే ముందు లేచింది నాది. జుట్టును నకిలీల డబ్బాలో వేశాం. అది పాత బిస్కెట్ల డబ్బా, ఇన్నేళ్లలో పట్టుకున్న దొంగ ముక్కలన్నీ అందులోనే ఉంటాయి. వాడు బోడితల వీరుణ్ని చొక్కా జేబులో పెట్టుకుని, కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

అలా ఎనిమిది నెలలు స్వచ్ఛంగా గడిచాయి. పది రోజుల కిందట ఒక వీరుడికి తల పరీక్ష చేస్తున్నాను. జుట్టు ఎంతకీ ఊడదు. గోళ్లతో లాగాను, లాభం లేదు. పంటికింద పెట్టి లాగాను. పటుక్కున ఏదో ట్రేలో పడింది. చిన్నది, తెల్లది, గట్లుగట్లుగా ఉంది. భూతద్దం కింద పెట్టి నాలుగువైపులా తిప్పి చూశాను. ఎక్కడా పేరు లేదు.

"నకిలీ!" అని డబ్బాలో విసిరేశాను.

ఆ తర్వాత కాఫీ ఒక గుక్క తాగాను. ప్రాణం నడినెత్తికి వచ్చింది! నాలుకతో తడిమి చూసుకుంటే ఎడమవైపు కింది దవడలో పన్ను ఉండాల్సిన చోట పన్ను లేదు. పదకొండేళ్ల కిందట డాక్టరు తొడిగిన క్యాపు అది. నా పన్నుకు నేనే తల పరీక్ష చేసి, నేనే బహిష్కరించానన్నమాట.

డబ్బా బోర్లించి వెతికాను. మూడొందల పైచిలుకు చేతులు, కాళ్లు, బొడిపెలు. అందులో సగం తెల్లవే. భూతద్దం ఉండి కూడా నా నోట్లోది నేను పోల్చుకోలేకపోయాను. మా ఆవిడ కాసేపు చూసింది.

"ఆ డబ్బా పట్టుకుని అన్నయ్యగారి దగ్గరికే పోండి. ఆయనకు తెలుస్తుంది" అంది.

వేరే పళ్ల డాక్టర్లు లేరా అంటారా? నలుగురున్నారు. కానీ నా నోట్లో ఇంకొకడు చెయ్యి పెడితే ఒప్పుకుంటానా? భక్తి అంటే భక్తే!

నన్ను చూసి వాడు ఆశ్చర్యపోలేదు. "కూర్చో" అన్నాడు. డబ్బా ట్రేలో ఒంపి, చిమటాతో ఒక్క క్షణంలో క్యాపు పైకి తీశాడు.

"ఎలా గుర్తుపట్టావురా? దానిమీద ఏమీ రాసిలేదు కదా!" అన్నాను.

"నేను చేసింది నాకు తెలీదా?" అన్నాడు. నోట్లో దూది కుక్కాడు.

తర్వాత ఆ ముక్కల్లోంచే ఆ జుట్టు తీశాడు. లైటు కింద పెట్టి తుడిచాడు. నా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"ఆ బొమ్మ నువ్విచ్చిందేరా. ఈ క్లినిక్కు తెరిచిన రోజు తెచ్చిచ్చావు. పన్ను పీకేటప్పుడు పిల్లల చేతికిస్తుంటా, ఏడవకుండా ఉంటారని. ఒక పాప జుట్టు పీకేసింది, అది సింకులో పడి కొట్టుకుపోయింది. నీకు తెలిస్తే బాధపడతావు. అందుకని వారం రోజులు అన్నం టైములో కూర్చుని, పళ్లకు వాడే మెటీరియల్‌తోనే చేశాను. నీకు తెలియకూడదనే అంత జాగ్రత్తగా చేశాను."

"ఆ... ఊ..." అన్నాను నేను.

"నాలుక కదపకు."

క్యాపు అతికించాడు. అద్దం ఇచ్చాడు. నా పళ్లలో ఏది నాదో ఏది వాడు చేసిందో నాకు తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి అనుకున్నాడు కాబోలు, భుజం తట్టాడు.

"రెండు గంటలు ఏమీ తినకు. మాట్లాడకు" అని, తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఆ రెండు గంటలు ఎప్పుడో గడిచిపోయాయి. రెండుసార్లు వాడి క్లినిక్కు మెట్ల దాకా వెళ్లాను. పైకి వెళ్లడానికి మొహం చెల్లలేదు. నోటితో చెప్పలేనిది మన పత్రికలో నేను రాసే ఈ కాలమ్‌లో పెట్టేస్తే వాడే చదువుకుంటాడనుకున్నాను. ఒరేయ్, తప్పు నాదేరా. ఎందుకు చేశావని ఒక్క మాట అడగాల్సింది. ఆదివారం రా. పరీక్షలేమీ ఉండవు.

కానీ ఒక చిక్కుంది. ఇరవై ఏళ్లుగా వాడి వెయిటింగ్ రూము టేబుల్ మీద మన పత్రికే ఉండేది. ఆ రోజు బయటికొస్తూ చూశాను. అవతలి పత్రిక ఉంది. అడిగితే, ఎనిమిది నెలలుగా అదే వేయించుకుంటున్నారని కౌంటరులో అమ్మాయి చెప్పింది.

పాఠకులారా! మీరంతా ఈ పత్రిక తప్ప ఇంకోటి ముట్టని నికార్సయిన భక్తులని నాకు తెలుసు. మీ నిష్ఠకు జోహార్లు. అయినా మీలో ఎవరైనా ఇంట్లోవాళ్లకు తెలియకుండా అవతలి పత్రిక కూడా కొనేవాళ్లుంటే, మీ కాళ్లు పట్టుకుంటాను, ఈ పేజీ అందులో మడిచి ఆ టేబుల్ మీద పెట్టి రండి. క్లినిక్కు బస్టాండు వెనక, మందుల షాపు పైన. మెట్లెక్కగానే ఎడమచేతి వైపు. పేజీ పైన మన పత్రిక పేరుంటుంది, అది మాత్రం కత్తిరించేయండి.