ముక్కుసూటి దూరం

పడమటిపాలేనికీ తూర్పుపాలేనికీ మధ్యనున్న ఆరు కిలోమీటర్ల దూరాన్ని ఆరువందల మీటర్లకు తగ్గించినట్టు ఎమ్మెల్యే వీరరాఘవయ్య గారు తెనాలిలో విలేకరులను పిలిచి మరీ ప్రకటించారు. రోడ్డు వెయ్యలేదు. వంతెన కట్టలేదు. ఖజానాకు పైసా ఖర్చు లేదు. ఇంత అభివృద్ధి ఇంత చవగ్గా జరిగిపోవడం చూసి ఆయన పీఏ శాలేమురాజు ఒళ్ళు పులకరించింది.

"ఎలా తగ్గింది సార్?" అడిగాడో విలేకరి.

బాపట్ల నుంచి వచ్చిన విద్యాశాఖ ఆఫీసరు లేచాడు. "రెండూళ్ళ బళ్ళకీ జీపీఎస్ అంకెలు తీసుకున్నామండి. అక్షాంశాల తేడాకి వర్గం, రేఖాంశాల తేడాకి వర్గం. రెండు వర్గాలూ కలిపి మూలం తీస్తే దూరం తేలిపోద్దండి."

"రెండు వర్గాల్నీ కలిపి మూలం చూడమని మా పార్టీకి ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నా," అన్నారు ఎమ్మెల్యే గారు గంభీరంగా.

కిలోమీటరు లోపల రెండు బళ్ళుంటే ఒకటి మూసెయ్యాలని రూలు. కాబట్టి పడమటిపాలెం బడి మూత. పిల్లలు తూర్పుపాలెం వెళ్ళాలి.

శాలేమురాజుది పడమటిపాలెమే. కూతురు షారోన్ ఆ బళ్ళోనే మూడో తరగతి. ఇంటికెళ్ళేసరికి భార్య రాహేలు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మధ్యలో అంత పెద్ద డ్రైను కాలవుంది కదండీ. పిల్ల ఎలా దాటుద్ది?"

"సూత్రంలో డ్రైను లేదు రాహేలూ."

"చెరుకుపల్లి రోడ్డెక్కి చుట్టూ తిరిగి రావాలండీ."

"అది పాత దూరం."

ఆ పూట అతని కంచంలో కూర తక్కువ పడింది.

ఊరు ధర్నాకు దిగింది. "నేనే నడిచి చూపిస్తా. ముక్కుసూటి మనిషినని నాకు పేరు," అన్నారు ఎమ్మెల్యే గారు. ఆఫీసరు ఫోను పట్టుకుని ముందు నడిచాడు. బడి గేటు దగ్గర మొదలైన పాదయాత్ర ప్రహరీ దూకి మంగాయమ్మ పెరట్లో పడింది. ఫోన్లో చూపించే సూటి గీత ఆవిడ వంటింట్లోంచి పోతోంది మరి.

"ఏంటి బాబూ, ఓట్లు మొన్నేగా అయినయ్యి?" అంది మంగాయమ్మ, చేపల పులుసు గిన్నె పక్కకు జరుపుతూ.

"దూరం తగ్గిస్తున్నాం పిన్నిగారూ," అని దణ్ణం పెట్టి, ఎమ్మెల్యే గారు అవతలి కిటికీలో దూరారు. ఇరుక్కున్నారు. కార్యకర్తలు బయట నుంచి లాగారు, శాలేమురాజు లోపల నుంచి తోశాడు. నాయకుణ్ణి అంత దగ్గరగా సేవించే భాగ్యం అతనికి అదే మొదటిసారి.

తర్వాత గేదెల పాక, వరిచేను, చివరికి డ్రైను. నీళ్ళు నిండుగా ఉన్నాయి. వల సర్దుకుంటున్న పిచ్చయ్య పడవలో ఎమ్మెల్యే గారూ, ఆఫీసరూ, శాలేమురాజూ ఎక్కారు. నాలుగో ప్యాసింజరు శంకుస్థాపన రాయి. ఊరి పేరు చోట ఖాళీ వదిలి చెక్కించిన ఆ రాయి లేకుండా ఎమ్మెల్యే గారు ఎక్కడికీ కదలరు.

పడవ మధ్యకొచ్చింది. "మా బడి మాకే ఉండాలి!" అని ఈ గట్టు. "మీ పిల్లలొస్తే మా బళ్ళో చోటేదీ?" అని ఆ గట్టు. రెండు గట్ల మీదా ఓట్లున్నాయి.

ఎమ్మెల్యే గారు ఈ గట్టుకో దణ్ణం, ఆ గట్టుకో దణ్ణం పెట్టారు. "రెండు బళ్ళకీ సరిగ్గా మధ్యెక్కడ?"

"అంకెలు కూడి రెండుతో భాగించాలండి." ఆఫీసరు ఫోను నొక్కాడు. "మనం కూర్చున్న చోటేనండి."

"అయితే కొత్త బడి ఇక్కడే! ఎవరికీ అన్యాయం జరగదు."

రాయి నీళ్ళలోకి వదిలారు. బుడగలొచ్చాయి. గట్టు మీద కార్యకర్తలు చప్పట్లు కొట్టారు.

"పునాది ఇంత లోతుగా పడ్డ బడి జిల్లాలో ఇంకోటుందా రాజూ?"

"లేదండి," అన్నాడు శాలేమురాజు. గట్టు మీద రాహేలు షారోన్ చెయ్యి పట్టుకుని ఆ బుడగలకేసే చూస్తోంది. చప్పట్లకని ఎత్తిన చేతులతో అతను పడవ అంచు పట్టుకున్నాడు.

సోమవారం పాత బడికి తాళం పడింది. అదే వేళకి ఊళ్ళోకి పసుపుపచ్చ బస్సొకటి వచ్చింది. రేపల్లెలో వీరరాఘవయ్య గారు తల్లి పేరున పెట్టిన కాన్వెంటుది. డ్రైవరు జార్జి హారన్ కొట్టాడు. మెట్ల మీద శాలేమురాజు. అడ్మిషన్ల బాధ్యత అతనికే అప్పగించారు.

"బస్సు ఫీజెంతండీ?" అడిగింది రాహేలు, ఎవరో కొత్త మనిషిని అడిగినట్టు.

"దూరాన్ని బట్టి."

"ఏ దూరం?"

శాలేమురాజు జార్జి వైపు చూశాడు.

"టైర్లు తిరిగిన దూరం చెల్లెమ్మా," అన్నాడు జార్జి, గేరు మారుస్తూ.