సున్నా కంటే తేలికైన మూట

భక్తజనులకు విజ్ఞప్తి. ఈ వేసవి పాదయాత్రలో ధ్వజం పట్టుకుని అందరికంటే ముందు నడిచే భాగ్యం, ఎప్పటిలాగే, అందరికంటే తేలికైన పక్కబట్టల మూట తెచ్చుకున్న మహానుభావుడికే దక్కును. మూటలు తూచబడును. భక్తి తూచబడదు. అందుకు తగిన తక్కెడ కమిటీ వద్ద లేదు.

వీధి మొదట్లో టైలరు దుకాణం గోడకు ఈ ప్రకటన అంటించిన పొద్దున, దాని ముందు అందరికంటే ఎక్కువసేపు నిలబడినవాడు పరుపులాయన. చదవడం రాక కాదు. చదివిన కొద్దీ కడుపు మండి.

ఈ నియమం పెట్టిన రోజుల్లో దాని అర్థం సాదాసీదాగా ఉండేది. తక్కువ తెచ్చుకున్నవాడు ఎక్కువ వదులుకున్నట్టు. ఎక్కువ వదులుకున్నవాడి వెనక నడిస్తే మనకూ కాస్త అంటుకుంటుందని ఆశ. ఎవరో పుణ్యాత్ముడు మంచి మనసుతో పెట్టాడు. మంచి మనసుతో పెట్టిన నియమం మన చేతుల్లో పడితే ఏమవుతుందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. వదులుకోవడంలో పోటీ మొదలైంది. ఆ పోటీని మాత్రం ఎవరూ వదులుకోలేదు.

పరుపులాయన వృత్తి పరుపులు అమ్మడం. "మా పరుపు మీద పడుకున్నవారు లేవరు" అని దుకాణం బోర్డు. ధర చెప్పగానే లేచేవారు, అది వేరే సంగతి. అలా పరుపులమ్మి పరువు కూడబెట్టుకున్న మనిషికి ఒక్క లోటు మిగిలిపోయింది. ఆ లోటు పేరు తోడల్లుడు. మందుల షాపు తోడల్లుడు ఏటేటా తేలిక మూట తెచ్చి, ఏటేటా ధ్వజం పట్టి, ఏటేటా ఆ ఫోటో ఫ్రేము కట్టించి మామగారింటి హాల్లో తగిలించేవాడు. మామగారింటికి వెళ్తే పరుపులాయన ఏ కుర్చీలో కూర్చున్నా ఆ ఫోటోలే ఎదురుగా ఉండేవి. ఇద్దరికీ పడేది కాదు. పడకపోవడానికి కారణం పడకే.

ఇక పరుపులాయన ఇంట్లో ఉన్నది ఒకటే పరుపు. అది ఆయనది. సరుకు నాణ్యం స్వయంగా పరీక్షించాల్సిన బాధ్యత వ్యాపారి మీద ఉంటుంది గదా. ఆయన భార్యకు నడుం నొప్పి కనక ఆమె ఆ పరీక్షకు అర్హురాలు కాలేకపోయింది. చాప మీద బొంత పరుచుకుని, నిపుణులకు అడ్డురాకుండా ఓ పక్కన పడుకునేది. కిందటేడు ఆయనకు కామెర్లు తిరగబెట్టినప్పుడు ఆమె ఒక మొక్కు మొక్కుకుంది. తగ్గితే ఇద్దరూ పక్కపక్కనే నడిచి కొండకు వస్తామని. కామెర్లు తగ్గాయి. మొక్కు మిగిలింది.

"జెండా పట్టుకుంటే మీరు ముందుంటారు, నేను ఆడవాళ్ళతో వెనకుంటాను. నేను మొక్కింది పక్కపక్కన అని గదండీ" అంది ఆమె.

"ధ్వజం నీడ నీదాకా వస్తుందిలే. దాని పక్కన నడువు" అన్నాడాయన. ఉదారంగానే అన్నాడు.

ఆ తర్వాత వీధిలో సాగిన ఏర్పాట్లను ఉన్నదున్నట్టు నివేదించడమే ఈ రచన కర్తవ్యం. వేసవి గనక కంబళ్ళు ముందే కాళ్ళొచ్చి పెట్టెల్లోకి నడిచిపోయాయి. దుప్పట్ల వంతు వచ్చింది. టైలరు అంచులు కత్తిరించాడు. అంచులు పోయాక మిగిలినదానికి కూడా అంచులుంటాయని కనిపెట్టి, వాటినీ కత్తిరించాడు. రంగుకు బరువుంటుందని ఒకాయన సిద్ధాంతం లేవదీయడంతో వీధి వీధంతా పూల దుప్పట్లు రాయికేసి బాదారు. పూలు రాలిపోయాయి. చాపల్లో పుల్ల విడిచి పుల్ల పీకేశారు. అలాంటి చాప మీద పడుకుని లేచిన కిరాణా వ్యాపారి వీపు చూసి, ఆయన మనవరాలు, "గీతలుగీతలుగా ఉంది, దీనిమీద కాపీ రాసుకోవచ్చా?" అని అడిగిందట. ఇంకో భక్తుడు దుప్పటి మానేసి దోమతెర పట్టుకొచ్చాడు. అందులో ఎక్కువ భాగం చిల్లులేననీ, చిల్లులకు బరువుండదనీ ఆయన వాదన. కమిటీ ఆ చిల్లులను హర్షించింది.

అసలు గొడవ ఇస్త్రీ చేసేవాడితో వచ్చింది. అతను తనకు నిద్రే పట్టదని డాక్టరు దగ్గర సర్టిఫికెట్టు పుచ్చుకుని, ఉత్త చేతులతో వచ్చి నిలబడ్డాడు. నిద్ర లేనివాడికి పక్క ఎందుకు? మూట సున్నా. ధ్వజం ఇవ్వండి. కమిటీ అధ్యక్షులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, కళ్ళజోడు తీసి తుడిచి తిరిగి పెట్టుకున్నారు. ఇది తీర్పు వెలువడబోతోందనడానికి గుర్తు.

"మూట ఉన్నవాడు యాత్రికుడు. మూట లేనివాడు షికారు వెళ్ళేవాడు. త్యాగం చేయాలంటే మొదట ఏదో ఒకటి తీసుకురావాలి. తేలేనివాడు దేన్ని వదులుతాడు? కాబట్టి సున్నా చెల్లదు. ఇది గణితానికి కూడా వర్తిస్తుంది" అని ఆయన సెలవిచ్చారు. ఆయన బళ్ళో లెక్కలు చెప్పినవారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళంతా అక్కడే ఉన్నారు గనక ఎవరికీ సందేహం రాలేదు.

అప్పుడు మందుల షాపు తోడల్లుడు బరిలో దిగాడు. మూటంటే గుడ్డ, గుడ్డంటే ముడి. పల్చటి చేతిరుమాలు ఒకటి తీసి, మధ్యలో ముడేసి, ఇదే నా పక్క అన్నాడు. పడుకుంటే తల కింద ముడి దిండు, కళ్ళ మీద కొసలు దుప్పటి. కూరగాయల తక్కెడకు ఆ మూట అసలు కనిపించలేదు. కిరాణా తక్కెడ కాస్త అనుమానపడింది. చివరికి నగల దుకాణం నుంచి బంగారం తూచే తక్కెడ తెప్పించాల్సి వచ్చింది. తూకం రోజున అదే వాడాలని తీర్మానించారు. తోడల్లుడు వెళ్తూ వెళ్తూ పరుపులాయన భుజం తట్టాడు.

"అన్నగారూ, మీకెందుకొచ్చిన శ్రమ? మీరు బరువైన మనిషి. మీ పేరులోనే పరుపుంది."

ఆ మాట పరుపులాయన గుండెలో సూదిలా దిగింది. ఆయన కూడా ఇంట్లో కసరత్తు చేస్తూనే ఉన్నాడు. దిండు వదిలాడు. మడత పరుపు వదిలాడు. మెత్తటి దుప్పటి, దాని మీద కప్పుకునే ఇంకో దుప్పటి, మోకాళ్ళ మధ్య పెట్టుకునే చిన్నదిండు, అన్నీ గుండె రాయి చేసుకుని వదిలాడు. వదిలినవి నేల మీద పడేస్తే పాడవుతాయి గనక ఒక్కొక్కటే భార్య మూటలో పెట్టాడు. ఆడవాళ్ళ మూటలు తూచడం మర్యాద కాదని కమిటీ ఎప్పుడో నిర్ణయించింది. స్త్రీలంటే ఆ కమిటీకి ఎప్పుడూ గౌరవమే.

"నీ మూటలో కాస్త చోటుంటుందా?" అని, అప్పటిదాకా అడగకుండానే పెట్టిన ఆయన మొదటిసారి అడిగాడు.

"కాస్తంటే ఎంతండీ?"

"ఒక పరుపంత."

ఆమె మూట వంక చూసింది, మొగుడి వంక చూసింది. "రోజూ ఇన్నిన్ని త్యాగం చేస్తున్నారు, ఇవన్నీ ఏ లోకానికి పోతున్నాయా అనుకుంటున్నా. నా వీపు మీదకా?" అంది. అని, చోటు చేసింది. చోటు కోసం తన బొంత బయటికి తీసేసింది. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆ వారమంతా ఇలాంటి త్యాగాలే జరిగాయి. మగవాళ్ళ మూటలు చిక్కిన కొద్దీ ఆడవాళ్ళ మూటలు ఒళ్ళు చేశాయి. వీధి మొత్తం బరువు మాత్రం వీసమెత్తు తగ్గలేదు. కాకపోతే ఆ మొత్తాన్ని తూచమని ఏ నియమమూ చెప్పలేదు.

చేతిరుమాలు కంటే తేలికైనది ఏమిటి? పరుపులాయన అన్నం ముందు కూర్చుని ఆలోచించాడు, దుకాణంలో పరుపు మీద పడుకుని ఆలోచించాడు. పార్కు ముందు బుడగలమ్మే మనిషి దారం వదిలిన క్షణాన, ఆ బుడగ చెట్టు దాటి మేడ దాటి పోతున్నప్పుడు, ఆయన ముఖం వెలిగిపోయింది. సున్నా చెల్లదన్నారు. సున్నాకు అవతల ఏముందో ఎవరూ అడగలేదు.

తూకం రోజు వచ్చింది. తోడల్లుడి రుమాలు బంగారం తక్కెడలో రాజకుమారిలా కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు పరుపులాయన పల్చటి ప్లాస్టిక్ పరుపొకటి తెచ్చాడు. తెచ్చాడనడం సరికాదు. అదే ఆయన్ని తెచ్చింది. బుడగల గ్యాసు నింపిన ఆ పరుపు దారం చివర గాల్లో ఊగుతూ, కాళ్ళ మడమలు నేలకు ఆననివ్వకుండా ఆయన్ని లాక్కొచ్చింది. తక్కెడ పళ్ళేనికి కట్టగానే పళ్ళెం తన్నుకుంటూ పైకి లేచింది. రెండో పళ్ళెం నేలకు అంటుకుంది. ఏ రాయీ వెయ్యకుండానే.

జనం తలలెత్తి పరుపు వంక చూశారు.

"గాలి పక్కబట్ట కాదు, ఒప్పుకోను" అన్నాడు తోడల్లుడు, రంగు మారిపోయి.

"నీది ముక్కు తుడుచుకునే గుడ్డ తమ్ముడూ, అది పక్కబట్టా?" అన్నాడు పరుపులాయన, దారం రెండు చేతులా పట్టుకుని వేలాడుతూ.

అధ్యక్షులు కళ్ళజోడు తుడిచారు. "మిత్రులారా, మన పూర్వులు బరువు తగ్గించుకోమన్నారు. ఎక్కడ ఆగాలో చెప్పలేదు. మనమంతా కొండ పైకి పోవాలని సంకల్పించుకున్నవాళ్ళం. మనం ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నాం, ఈ పరుపు అప్పుడే పైకి పోవడం మొదలుపెట్టింది. మనందరికంటే ముందు పైకి పోయే అర్హత పరుపులాయనకే ఉందని ప్రకటిస్తున్నాను" అన్నారు.

పరుపులాయన ఆ వాక్యంలో మంచి అర్థం మాత్రమే ఏరుకుని, కళ్ళు తుడుచుకుని, ధ్వజం అందుకున్నాడు.

మర్నాడు ఎండ ముదరకముందే ఊరేగింపు కదిలింది. ముందు పరుపులాయన, ఒక చేత్తో ధ్వజం, రెండో చేత్తో పరుపు దారం. వెనక రుమాలు జేబులో పెట్టుకుని తోడల్లుడు. ఆ వెనక చిల్లుల భక్తుడు, పుల్లల భక్తుడు, ఎలాగో ఓ దారప్పోగు మూటకట్టి ప్రవేశం సంపాదించిన ఇస్త్రీ మనిషి. అందరి చేతులూ ఖాళీ, అందరి ముఖాలూ నిండు. ఫోటోలు తీసేవాళ్ళు తీశారు. ఫోటోలో పట్టనంత వెనక, ఫోటోలో పట్టనంత పెద్ద మూటలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు. పరుపులాయన భార్యా, తోడల్లుడి భార్యా అక్కాచెల్లెళ్ళు గనక ఒకరి మూట ఒకరు సర్దుకుంటూ నడిచారు. మొక్కు ప్రకారం పక్కపక్కన నడిచింది వాళ్ళిద్దరే.

ఊరి పొలిమేరలో ఒక బస్సు స్టాపు ఉంది. దానికి నీడ ఉంది, బల్ల ఉంది. నడుం పట్టేసి పరుపులాయన భార్య మూట దించింది. ఆమె దించితే చెల్లెలు దించింది. వాళ్ళు దించితే అందరూ దించారు. బస్సు స్టాపులో మూటలతో కూర్చున్న జనం ముందు బస్సు ఆగడంలో ఎవరి కుట్రా లేదు. కండక్టరు తల బయటపెట్టి, "కొండకేనా? ఎక్కండమ్మా, వెనకంతా ఖాళీ" అన్నాడు. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత జరిగినదానికి భర్తల అనుమతి ఉందా అంటే, భర్తలెవరూ వద్దనలేదు. ధ్వజం పట్టినవాడు వెనక్కి చూడకూడదని నియమం. మిగతావాళ్ళు ధ్వజం మీంచి చూపు తిప్పకూడదని నియమం. బస్సు వాళ్ళ పక్కనించే పోయింది. దుమ్ము మాత్రం తగిలింది.

సాయంత్రానికి మగవాళ్ళు మొదటి మజిలీ చేరారు. దారిలో ఓ ఊరి బడి వరండా. ఎండకు కాగిన బండలు, ఇంకా పెనంలాగే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూడటానికి అప్పుడు అనుమతి దొరికింది. చూస్తే వెనక ఎవరూ లేరు. పరుపులాయన నడుం వాల్చుదామని పరుపు దారం విప్పాడు. పరుపు ఆయన కోసం ఆగలేదు. వరండా చూరు తప్పించుకుని, వేపకొమ్మ తప్పించుకుని, కొండ ఉన్న దిక్కుగా నిదానంగా సాగిపోయింది. ఆ రోజు ఆ బృందంలో అంత నిష్ఠగా క్షేత్రం వైపు సాగిన సభ్యుడు ఇంకొకడు లేడు.

ఆయన భార్యకు ఫోను చేశాడు.

"ఎక్కడున్నావే?"

"కొండ మీదండీ. దర్శనం కూడా అయిపోయింది. మీ తరఫున కూడా దండం పెట్టా."

"నా పక్కబట్టలు?"

"భద్రంగా ఉన్నాయి, దిగులు పడకండి. ఇప్పుడే సత్రంలో పరిచా, వాటి మీదే కూర్చునున్నా." కాస్త ఆగింది. "ఏవండీ, ఈ పరుపు ఇంత మెత్తగా ఉంటుందా?"

జీవితంలో మొదటిసారి ఒక మనిషి తన పరుపు మెచ్చుకుంటే అమ్మలేకపోయాడు.

వరండాలో గుడ్డ అనదగ్గ గుడ్డ ఇప్పుడు ఒక్కటే ఉంది. ధ్వజం. కర్ర ఊడదీసి నేల మీద పరిస్తే, పరుపులాయనకు సగం, తోడల్లుడికి సగం వచ్చింది. ఇన్నేళ్ళుగా పడని ఇద్దరికీ ఒకే పడక. మిగతా భక్తులు చుట్టూ కూర్చుని ఆ ఇద్దరినీ చూస్తూ, త్యాగం ఎంత గట్టి వస్తువో వీపుతో తెలుసుకున్నారు.

పొద్దున అత్యవసర సమావేశం జరిగింది. వీపు పట్టేయడం వల్ల అధ్యక్షులు వెల్లకిలా పడుకునే ఉపన్యసించారు. "నడవాల్సిన దారిని చక్రాల మీద దాటడం భక్తి అనిపించుకోదు. మనం ఎంతో కష్టపడి వదులుకున్న వస్తువులను అడగకుండా అనుభవించడం అంతకంటే ఘోరం. సొంత మూట మోసుకుని నడవలేని స్త్రీజాతి నిష్ఠను ఈ సభ తీవ్రంగా గర్హిస్తోంది. వచ్చే ఏడాది నుంచి యాత్ర బస్సు స్టాపులు లేని దారిన సాగాలి" అన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. లేవలేనివాళ్ళు పడుకునే చేతులెత్తారు. పరుపులాయన చెయ్యి అందరికంటే ముందు లేచింది.

ఇంతటి మహాసభ మీద చిరునవ్వు నవ్వుతున్న పాఠక మహాశయులకు చివరిగా ఒక మనవి. ఈ పొద్దున మీరు లేచి వచ్చిన పక్క ఈపాటికి దులిపి, మడిచి, అటక మీదకో అలమరలోకో చేరిపోయి ఉంటుంది. ఎవరు ఎత్తారో లేచి వెళ్ళి కనుక్కోనక్కర్లేదు. మీరు పడుకునే చెయ్యెత్తండి, చాలు.