కాంపౌండరు కట్టిన రెండు పొట్లాలు

1983 వేసవిలో ఒక శనివారం పొద్దున, యాడికిలోని చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాంపౌండరు రామదాసు పెట్టుకున్న పనులు రెండే. తిప్పమ్మకు కడుపుమంట తగ్గే పొడి కట్టివ్వాలి. పోస్టాఫీసు గుమాస్తా ఎర్రిస్వామికి క్యారంబోర్డు మీద చల్లుకునే బోరిక్ పొడి ఇవ్వాలి. డాక్టరుగారు గుత్తిలో పెళ్లికి వెళ్లారు. ఈ రెండూ అయితే బెంచీ మీద నడుం వాల్చవచ్చు.

రెండు పొడులూ తెల్లనివే. ఒకటి అల్యూమినియంతో చేసింది, పొట్టలో పులుపును విరిచేస్తుంది. రెండోది బోరాన్‌తో చేసింది, వేన్నీళ్లలో కలిపి కళ్లు కడుక్కోవడానికి. "బోరాన్, అల్యూమినియం అన్నదమ్ములప్పా. అన్న కంటికి, తమ్ముడు కడుపుకు. అన్నను మింగితే మాత్రం పాణం మీదికొస్తాది" అని రామదాసు వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవాడు. ఆ పొద్దు ఎర్రిస్వామికీ చెప్పాడు. చెబుతూ చెబుతూ అన్నను తిప్పమ్మ చేతిలో, తమ్ముణ్ణి ఎర్రిస్వామి చేతిలో పెట్టాడు.

తిప్పమ్మ పొట్లాన్ని కొంగున ముడివేసుకుని, కూతురింటికని తాడిపత్రి బస్సెక్కింది.

గంటన్నర తర్వాత ఎర్రిస్వామి పొట్లం పట్టుకుని విసురుగా వచ్చాడు. "ఏమప్పా, ఏం పొడిచ్చినావు? బిళ్లలు కదిలితే ఒట్టు. బురదలో బండి మాదిరి యాడివాడ్నే నిలబడిపోయినాయి."

రామదాసు ఆ పొడిని వేళ్లతో నలిపాడు. బోరిక్ అయితే సబ్బు రాసినట్టు జారాలి. ఇది సుద్దలా పట్టుకుంది. ఆశ చావక, చిటికెడు పొడి సీసా మూతలో వేసి, స్పిరిట్ పోసి అగ్గిపుల్ల గీశాడు. బోరిక్ ఉంటే మంట ఆకుపచ్చగా లేవాలి. ఎంతసేపు చూసినా పచ్చదనం జాడ లేదు.

"కొంప మునిగె! బోరిక్ పొడి తిప్పమ్మకిచ్చినా! అన్నం తిన్నాక చెంచాడు మింగమని చెప్పినా!"

"అయితే ఈడేం చేస్తాండావు? పో! నేను పోస్టాఫీసు నుంచి ఫోన్ చేస్తా."

రామదాసు ఆ పొట్లాన్నే జేబులో వేసుకుని రోడ్డెక్కాడు. బస్సు లేదు. బండల లోడుతో తాడిపత్రికి పోతున్న జమాల్ సాబ్ లారీకి రామదాసు అడ్డం నిలబడి ఎక్కేశాడు. "బిరీన పోనీ అన్నా, ఒక పాణం ఉండాది!"

"ఇది రాళ్ల లారీ అప్పా, రైలు కాదు" అన్నాడు జమాల్ సాబ్. అన్నాడే గానీ, ఆ రోజు నడిపినట్టు అంతకుముందెన్నడూ నడపలేదు.

ఇక్కడ యాడికిలో ఎర్రిస్వామి ఫోనులో గొంతు చించుకున్నాడు. "ఈరన్న అత్త తిప్పమ్మ... పొడి... తిననీయొద్దు!" లైనులో గరగర. తాడిపత్రి గుమాస్తా చెవికి చేరినవి ఆ రెండు పేర్లే. "తిప్పమ్మ పోయెనా?" అని అతను అడిగాడు. ఎర్రిస్వామి బస్సు సంగతే అనుకుని, "పోయె, పోయె! తొమ్మిదిన్నర బస్సుకే పోయె!" అన్నాడు.

బస్సు కింద పడి తిప్పమ్మ పోయిందని వాళ్ల అల్లుడి వీధికి కబురెళ్లింది.

లారీ ఆ వీధి మలుపు తిరిగేసరికి నలభై మంది జనం, ఒకాయన చేతిలో బంతిపూల దండ.  రామదాసు లారీలోంచి దూకి, "నేనే చంపినా! ఈ చేతులతో పొట్లం కట్టి చంపినా!" అని నెత్తి బాదుకున్నాడు.

"బస్సు కాదంట, వీడంట!" అని ఇద్దరు అతని చొక్కా పట్టుకున్నారు.

ఇంతలో ఇంట్లోంచి చీపురుతో ఒక మనిషి వచ్చింది. "ఇంగా పోలేదా మీరు? నేను బతికే ఉండానని ఎన్ని మార్లు చెప్పల్ల?" ఆ మనిషి తిప్పమ్మ. రామదాసును చూసి చీపురు దించింది. "నువ్వెవుర్ని చంపినావు సామీ?"

అతను ఆమె కాళ్ల మీద పడ్డాడు. "పెద్దమ్మా, ఆ పొడి తిన్యావా?"

"ఎందుకు తింటా? నలిపి చూస్తి, జారిపాయ. పోయినేడు నా కండ్లకు నువ్విచ్చిందే గదా ఇది! మా ఈరన్నకు బండల దుమ్ము పడి మూడు దినాలుగా కండ్లు తెరవలేదు. వేన్నీళ్లలో రోంత కలిపి కడిగితి. ఎవురో చెప్పింటే విని, అడక్కుండానే కంటిమందు పంపినావనుకుంటి. పొద్దన్నుంచి నీకు దండం పెట్టుకుంటాండా."

వెనక గడపలో అల్లుడు ఈరన్న ఎర్రని కళ్లు చికిలిస్తూ నిలబడ్డాడు. "ఇప్పుడు నీ మొగం అగపడతాంది అన్నా. నీ మేలు మరిచిపోను."

ఊరకుంటే పేరు దక్కేది. రామదాసు ఊరకుండలేకపోయాడు. "నా మేలు కాదప్పా, నా తప్పు. పొడి నలిపిన పెద్దమ్మ వేళ్లే ఆమెనూ నన్నూ బతికించినాయి" అని జరిగిందంతా చెప్పి, తిప్పమ్మ చేతులు రెండూ కళ్లకద్దుకున్నాడు. తర్వాత జేబులోంచి అసలు కడుపుమంట పొడి తీసి ఇచ్చాడు. ఆమె నలిపి చూశాక గానీ దాన్ని కొంగున కట్టుకోలేదు.

తెచ్చిన పూలు ఊరికే పోతాయని, దండ రామదాసు మెడలో వేశారు.